అమ్మ నోట్లో నాలుగు వెండి ఫిల్లింగులు: అన్నీ తీసేయాలంటున్నారు, ఏం చేయమంటారు?

తుంగభద్ర_ఒడ్డు (ఎమ్మిగనూరు), సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ పళ్ల డాక్టర్లు ఎవరైనా ఉంటే దయచేసి చూడండి, ఇంట్లో అందరం టెన్షన్‌లో ఉన్నాం.

మా అమ్మకు 58 ఏళ్లు. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. ఇరవై ఏళ్ల కిందట నాలుగు దవడ పళ్లకు వెండి సిమెంటు పెట్టించుకుంది. చూడటానికి నల్లగా ఉంటాయి గానీ ఇన్నాళ్లూ ఏ బాధా లేదు. మొన్న జొన్నరొట్టె తింటుంటే ఎడమ పక్క కింది పన్ను జివ్వుమందని కర్నూల్లో ఒక క్లినిక్‌కు తీసుకుపోయాను. ఆయన నోట్లో లైటు వేసి చూసి, "ఇది వెండి కాదమ్మా, పాదరసం. ఇన్నేళ్లూ విషం మింగుతున్నారు. మీ మోకాళ్ల నొప్పులు, మతిమరుపు, తల తిరగడం అన్నీ దీనివల్లే" అన్నాడు. ఎక్స్‌రే తీయలేదు. ఏ మందులు వాడుతున్నారని అడగలేదు. నాలుగూ ఒకే రోజు తీసేసి తెల్లవి పెట్టి పైన క్యాపులు వేస్తాడట. 38,000 అవుతుంది, ఈ వారంలోనే ఒప్పుకుంటే 32,000.

డబ్బు సంగతి అటుంచండి. అమ్మ ఇంటికొచ్చినప్పటి నుంచి అన్నం నమలడం మానేసింది. నమిలితే విషం దిగుతుందట, మెత్తగా పిసికి మజ్జిగ పోసుకుని మింగుతోంది. నిజంగా అంత ప్రమాదమా?

సి_క్యాంపు_కుర్రోడు, సోమవారం రాత్రి 9:52

ఈ వారంలో ఒప్పుకుంటే 32,000 ఏంటన్నా, అది వైద్యమా ఆషాఢం డిస్కౌంటా?

రాజ్‌విహార్_వాసి, సోమవారం రాత్రి 10:15

నవ్వులాట కాదు బాబూ. యూరప్ దేశాల్లో 2025 జనవరి 1 నుంచి ఈ పాదరసం ఫిల్లింగు పెట్టడమే బంద్. నార్వే 2008లోనే ఆపేసింది, మరుసటి ఏడాది స్వీడన్. వాళ్లేమన్నా తెలివితక్కువ వాళ్లా? మన దగ్గర ఏదైనా విషమని తెలిశాక కూడా ఇరవై ఏళ్లు వాడతాం. డిస్కౌంటు సంగతి ఎలా ఉన్నా ఆయన చెప్పిన విషయం తప్పు కాదు. తీయించేయండి.

పళ్ల_వైద్యుడు (కర్నూలు), సోమవారం రాత్రి 11:05

కర్నూల్లో పదహారేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. నోరు చూడకుండా ఎవరి పన్ను గురించీ తేల్చి చెప్పను. అయితే అమ్మగారు నమలడం మానేశారన్న మాట చదివాక ఊరుకోలేకపోయాను. ముందు ఆమెకు చెప్పండి, మామూలుగా అన్నం తినమని. షుగరున్న మనిషి తిండి తగ్గించి మాత్రలు మాత్రం వేసుకుంటే ఈ రాత్రికి అసలు ప్రమాదం అదే.

వెండి ఫిల్లింగును మేము అమాల్గం అంటాం. వెండి, తగరం, రాగి కలిపిన పొడిని పాదరసంతో కలిపి ముద్ద చేస్తే గట్టిపడుతుంది. బరువులో దాదాపు సగం పాదరసమే. ఇందులో దాపరికం ఏమీ లేదు, మా పుస్తకాల్లో మొదటి పేజీలోనే ఉంటుంది. గట్టిపడ్డాక కూడా గట్టిగా నమిలినప్పుడు, పళ్లు కొరికినప్పుడు చాలా కొద్దిగా ఆవిరి వస్తుంది. అదీ నిజమే. ఇక్కడ చాలామంది తలకిందులుగా అనుకునే సంగతి ఒకటుంది. చిన్న ముక్క ఊడి కడుపులోకి పోతే శరీరం దాన్ని దాదాపు పట్టించుకోదు, బయటికి పోతుంది. పీల్చిన ఆవిరి అలా కాదు, అందులో 80 శాతం దాకా ఊపిరితిత్తుల ద్వారా ఒంట్లో చేరుతుంది. ఆ ఆవిరి ఎక్కువగా వచ్చేది ఎప్పుడు? ఫిల్లింగు పెట్టేటప్పుడు, మళ్లీ డ్రిల్లు పెట్టి తీసేటప్పుడు. అంటే భయపడి నాలుగూ ఒకే పూట తీయించుకుంటే, ఏ ఆవిరికి భయపడ్డారో దాన్ని ఒక్క మధ్యాహ్నంలో పీల్చినట్టు.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 సెప్టెంబరులో ఒక సూచన ఇచ్చింది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్న పిల్లలు (ముఖ్యంగా ఆరేళ్ల లోపు వాళ్లు), నరాల జబ్బులు, కిడ్నీ ఇబ్బంది, పాదరసం అలర్జీ ఉన్నవాళ్లకు కొత్తగా అమాల్గం పెట్టకపోవడం మంచిదని. సగం మంది అంతవరకే చదివి ఫార్వర్డ్ చేస్తారు. బాగున్న పాత ఫిల్లింగును వైద్యపరంగా అవసరం లేకుండా తీయించుకోవద్దని కూడా అందులోనే ఉంది.

రాజ్‌విహార్ సార్, మీరు చెప్పిన తేదీలు సరైనవే. కానీ ఆ నిషేధం వెనుక ఉన్న ముఖ్య కారణం పాదరసం నీళ్లలో, గాలిలో కలవడం. క్లినిక్కు సింకులోంచి మురుగులోకి, అక్కడి నుంచి చేపల్లోకి. జపాన్‌లో మినమాటా ఊరి జనాన్ని నాశనం చేసింది ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన మిథైల్ మెర్క్యురీ, అంటే పాదరసంలోనే ఒక విషపు రూపం. ఆ ఊరి పేరుతోనే ప్రపంచ దేశాలు 2013లో ఒప్పందం చేసుకున్నాయి, మన దేశం 2018లో చేరింది. 2025 నవంబరులో జెనీవాలో కూర్చుని 2034 కల్లా పళ్లకు అమాల్గం వాడకం పూర్తిగా ఆపాలని నిర్ణయించారు. కొత్తవి పెట్టడం ఆపాలని. ఉన్నవాటిని పీకమని ఎవరూ అనలేదు.

ఇక అమ్మగారి సంగతి. నొప్పి ఒక పంటికి. చూడాల్సింది ఆ పన్ను. ఒక చిన్న ఎక్స్‌రే చాలు. దవడ పన్ను చూసి మోకాళ్ల నొప్పికి కారణం చెప్పగల విద్య నాకైతే కాలేజీలో నేర్పలేదు.

రాజ్‌విహార్_వాసి, మంగళవారం ఉదయం 6:30

డాక్టరు గారూ, సూటిగా అడుగుతున్నాను. మీ క్లినిక్కులో ఇప్పుడు అమాల్గం పెడుతున్నారా? మీ పిల్లలకు పెడతారా?

పళ్ల_వైద్యుడు, మంగళవారం మధ్యాహ్నం 1:20

పెట్టను. ఎనిమిదేళ్లయింది మానేసి. మంచి ప్రశ్నే అడిగారు, కాబట్టి కారణాలూ చెబుతాను. రోజూ ఆ ఆవిరి మధ్య ఉండేది పేషెంటు కాదు, నేనూ నా అసిస్టెంటు అమ్మాయీ. రెండోది, ఆ వ్యర్థాన్ని సరిగ్గా పారవేయడం పెద్ద తలనొప్పి. మూడోది, ఎవరూ నల్ల పన్ను కోరుకోవడం లేదు. పేషెంటు ఒంటికి హాని అని కాదు. అమెరికాలో, పోర్చుగల్‌లో వెయ్యి మందికి పైగా పిల్లల్ని సగం మందికి అమాల్గం, సగం మందికి తెల్లది పెట్టి ఐదు నుంచి ఏడేళ్లు గమనించారు. 2006లో ఫలితాలు వచ్చాయి. అమాల్గం ఉన్న పిల్లల మూత్రంలో పాదరసం కొంచెం ఎక్కువ కనిపించింది. తెలివితేటల్లో, జ్ఞాపకశక్తిలో, కిడ్నీల పనిలో తేడా కనిపించలేదు.

అలాగని తెల్లది అమృతమేమీ కాదు. కాంపోజిట్ అంటే ప్లాస్టిక్ జాతి రెసిన్, గాజు పొడి. నీలం లైటు వేస్తే గట్టిపడుతుంది, గట్టిపడేటప్పుడు కాస్త కుంచించుకుపోతుంది. అందుకే 2 మిల్లీమీటర్ల చొప్పున పొరలు పొరలుగా పెట్టి, ప్రతి పొరకూ లైటు వేయాలి. కొత్తరకాల్లో కొన్నిటికి 4 దాకా పర్వాలేదు. లోతైన గుంటను ఒకేసారి నింపి ఒక్కసారి లైటు వేస్తే పైన రాయిలా ఉంటుంది, అడుగున పచ్చిగా మిగులుతుంది. సంవత్సరం తిరక్కుండా పక్క నుంచి మళ్లీ పుచ్చు. పేషెంటుకు తెలిసే గుర్తు కూడా ఉంది: లైటు బీప్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకోండి. ఉమ్మి తడి తగిలితే అసలు అంటుకోదు. అమాల్గం ఈ విషయంలో మొండిది, కొంచెం తడిని ఓర్చుకుంటుంది. మీ అమ్మగారి ఫిల్లింగులు ఇరవై ఏళ్లు నిలిచాయంటే ఆ మొండితనమే.

పాత_కాంపౌండరు (అనంతపురం), మంగళవారం సాయంత్రం 5:10

నాయనా, నేను 1979 నుంచి 1998 దాకా అనంతపురంలో ఒక పళ్ల డాక్టరు దగ్గర పనిచేసినాను. మీరంతా చెప్పే అమాల్గం కలిపింది ఈ చేతులే.

అప్పట్లో మిషను లేదు. చిన్న గాజు కల్వంలో పొడి పోసి, సీసాలోంచి పాదరసం చుక్కలు వేసి నూరాలి. మెత్తగా వెన్నలా అయ్యేదాకా నూరి, పలుచటి గుడ్డలో మూటగట్టి పిండితే మిగులు పాదరసం గుండ్లు గుండ్లుగా బయటికొస్తుంది. దాన్ని మళ్లీ సీసాలోకే పోసేవాళ్లం, పారేస్తే సారు తిట్టేవాడు. తర్వాత ముద్దను ఎడమ అరచేతిలో వేసుకుని బొటనవేలితో రుద్దాలి. సరిగ్గా కుదిరితే కిచకిచమని సన్నగా సద్దొస్తుంది. ఆ సద్దు వినిపిస్తే "ఊ, తే" అనేవాడు సారు. గ్లౌజులా? ఆపరేషన్ థియేటర్లో వేసుకునేటివి అనుకునేవాళ్లం.

కింద బేతంచెర్ల బండలు పరిచిన గది. గుండు జారి పడితే ఆ బండల సందుల్లోకి పరిగెత్తేది. చీపురుతో ఊడ్చేవాణ్ణి. ఎండాకాలం తలుపు మూసుకుని ఫ్యాను కింద పనిచేసేవాళ్లం. ఆ బండల కింద ఇప్పటికీ ఎంత ఉందో.

నాకు 71 ఏళ్లు. చెయ్యి వణకదు, మతి బాగుంది. దాన్ని బట్టి పాదరసం మంచిదని చెప్పలేను. మా పెద్దనాయన రోజుకు రెండు కట్టలు బీడీలు తాగి 84 దాకా బతికినాడు.

సి_క్యాంపు_కుర్రోడు, మంగళవారం సాయంత్రం 5:31

తాతా, ఈ థ్రెడ్‌లో ఇదే బెస్ట్ పోస్టు.

కడప_కోడలు, మంగళవారం రాత్రి 8:45

నాకు ఐదో నెల నడుస్తోంది. పై దవడ పంటికి ఉన్న వెండి ఫిల్లింగులో ఒక మూల నిన్న ఊడిపోయింది, బఠాణీ సగమంత ముక్క. నీళ్లతో పాటు మింగేశానేమో అని భయం. ఇంకా నొప్పి లేదు. అత్తమ్మ మాత్రం కాన్పు అయ్యేదాకా పళ్ల డాక్టరు గడపే తొక్కొద్దంటోంది. ఈ థ్రెడ్ చదివాక ఇంకా భయమేసింది.

అనంత_వేరుశనగ (కళ్యాణదుర్గం దగ్గర), మంగళవారం రాత్రి 9:20

డాక్టరు గారికి నాదొక ప్రశ్న. మా ఊరి బోరు నీళ్ల గురించి చెప్పనక్కర్లేదు, ఫ్లోరైడు. మా తరం అందరివీ గార పళ్లే. నాకూ అడ్డంగా ముదురు గోధుమ రంగు చారలు. పెళ్లిచూపులకు ముందు జాతరలో పళ్ల మరకలు తీసే ఒకాయన దగ్గర కూర్చున్నా. దూది పుల్లతో ఏదో ద్రావకం పళ్లకు పూసి రుద్దినాడు. అద్దంలో చూసుకుంటే తెల్లగా మెరిసినాయి, ఆనందంతో వంద ఎక్కువిచ్చినా. మూడో రోజు నుంచి బండి మీద పోతుంటే చల్లగాలి తగిలినా పళ్లు జివ్వుమనేవి. ఇప్పటికీ ఐస్‌క్రీం తినలేను. చారలు రెండు నెలల్లో మళ్లీ వచ్చినాయి.

ఇప్పుడు ఒక పన్ను పుచ్చింది. ఇక్కడి డాక్టరు పెడతానన్న తెల్ల సిమెంటులోంచి ఫ్లోరైడు వస్తుంది, అది పంటికి మంచిదన్నాడు. నీళ్లలో ఉన్న ఫ్లోరైడే కదా మా పళ్లు తిన్నది, మళ్లీ సిమెంటులోనూ అదేనా సార్?

పళ్ల_వైద్యుడు, మంగళవారం రాత్రి 11:30

కడప చెల్లెమ్మా, ముందు మీకు. మింగిన ముక్క గురించి మర్చిపోండి, అది మలంలో బయటికి పోతుంది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కాలం పళ్ల వైద్యానికి అనువైనది, మీరు సరిగ్గా అక్కడే ఉన్నారు. పాత ఫిల్లింగు మొత్తం తవ్వించుకోవద్దు. ఊడిన చోట గ్లాస్ అయానమర్ అనే తెల్ల సిమెంటుతో తాత్కాలికంగా మూయించుకోండి, మిగతాది కాన్పు తర్వాత చూసుకోవచ్చు. గర్భవతినని కుర్చీ ఎక్కకముందే చెప్పండి. అత్తమ్మ గారికి నా మాటగా చెప్పండి: పన్ను చీము పడితే దానికి వాడాల్సిన మందులు, పడాల్సిన బాధ ఈ చిన్న పని కన్నా చాలా ఎక్కువ.

అనంత గారూ, మీ ప్రశ్న నా దగ్గరికి వచ్చే అనంతపురం పేషెంట్లలో సగం మంది అడిగేదే. పళ్లకు చారలు వచ్చేది చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు, ఆ నీళ్లు రోజూ తాగడం వల్ల. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. సిమెంటు నుంచి వచ్చేది అతి స్వల్పం, అదీ ఆ పన్ను చుట్టూనే. మీ వయసులో దానివల్ల కొత్త చారలు రావు. ఒక్క జాగ్రత్త: ఫ్లోరోసిస్ (ఫ్లోరైడు వల్ల వచ్చే ఈ గార) ఉన్న పంటి పై పింగాణీ పొరకు కాంపోజిట్ మామూలు పంటికి పట్టినంత తేలిగ్గా పట్టదు. ఆ సంగతి తెలిసిన డాక్టరు దగ్గరే చేయించుకోండి. జాతరలో పూసింది ఆమ్లం. మరకతో పాటు పై పొరనూ తినేసింది, అది తిరిగి పెరగదు.

ప్రొద్దుటూరు_బంగారం, బుధవారం ఉదయం 10:05

పాదరసం, ఫ్లోరైడు అని ఇంత చర్చ జరుగుతోంది. మా నాన్నకు జరిగింది వింటే అసలు దేనికి భయపడాలో తెలుస్తుంది. పోయినేడాది ఒక చోట రూట్ కెనాల్ చేస్తున్నారు. నరం తీసే సూది, వెంట్రుకంత సన్నగా ఉంటుంది, డాక్టరు వేళ్లలోంచి జారి నాన్న గొంతులోకి పోయింది. దగ్గు వచ్చింది, మింగేశాడు. ఛాతీ ఎక్స్‌రే, పొట్ట ఎక్స్‌రే. ఊపిరితిత్తుల్లోకి పోలేదు, అదే అదృష్టం. మూడు రోజులు అరటిపండ్లు, మెతుకన్నం. నాలుగో రోజు ఎక్స్‌రేలో కనిపించలేదు. ఆ మూడు రాత్రులు నాన్న వెల్లకిలా పడుకోలేదు, కుర్చీలోనే. తర్వాత వేరే డాక్టరు దగ్గరికి పోతే మొదట పంటికి రబ్బరు షీటు తొడిగినాడు. "ఇది ఉంటే సూది గొంతులోకి పోయే దారే లేదు" అన్నాడు. ఒక రబ్బరు ముక్క! దాని ఖరీదెంతుంటుంది చెప్పండి.

పళ్ల_వైద్యుడు, బుధవారం మధ్యాహ్నం 2:15

దాన్ని రబ్బర్ డ్యామ్ అంటాం. తొడగడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలే చాలామందికి ఉండవు, నా వృత్తివాళ్ల గురించి ఇంతకంటే మర్యాదగా చెప్పలేను.

క్లినిక్కులో నేను పేషెంటునైతే మొదట చూసేది ట్రే. పరికరాలు కాగితం, ప్లాస్టిక్ కలిపిన పౌచ్‌లో మూసి ఉండాలి, దాన్ని నా ముందే చించాలి. పౌచ్ మీద రంగు మారే గుర్తు ఉంటుంది, ఆటోక్లేవ్‌లో ఆవిరి వేడి తగిలితే మారుతుంది. 121 డిగ్రీల దగ్గర పీడనంతో పదిహేను, ఇరవై నిమిషాలు. స్టీలు గిన్నెలో నీళ్లు మరిగించి ముంచడం స్టెరిలైజేషన్ కాదు. హెపటైటిస్ బి లాంటివి ఒక నోటి నుంచి మరో నోటికి పోయేది ఇలాంటి చోట్లే. గోడ మీద డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు కనిపించకపోతే అడగండి, అడగటం అవమానం కాదు. వాడే మందుల చీటీ చూడకుండా మత్తు సూది పట్టుకుంటే కుర్చీ దిగి వచ్చేయండి. ఆ సూదిలో లిగ్నోకైన్ అనే మత్తుమందుతో పాటు చాలాసార్లు గుండె వేగాన్ని పెంచే ఎడ్రినలిన్ ఉంటుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఎంత ఇవ్వాలో, అసలు ఆ రోజు ఇవ్వాలో లేదో లెక్క వేయాలి.

రాజ్‌విహార్_వాసి, బుధవారం మధ్యాహ్నం 3:00

ఒప్పుకుంటున్నాను, తీయించేయండి అని తొందరపడి రాశాను. కానీ డాక్టరు గారూ, ఇంత వివరంగా మాకు ఏ క్లినిక్కులోనూ ఎవరూ చెప్పరు. చెప్పకపోతే జనం నాలాగే ఫోన్లో చదువుకుని డాక్టర్లవుతారు. అందులో మీ వాళ్ల తప్పూ ఉంది.

పళ్ల_వైద్యుడు, బుధవారం మధ్యాహ్నం 3:12

ఉంది.

తుంగభద్ర_ఒడ్డు, ఆదివారం రాత్రి 8:30

అప్‌డేట్. ఆలస్యమైంది, క్షమించండి.

మా చెల్లెలు కడపలో ఉంటుంది. అమ్మను అక్కడికి పంపి ప్రభుత్వ డెంటల్ కాలేజీలో చూపించాం. పొద్దున పోతే మధ్యాహ్నం దాకా క్యూ, అది మాత్రం తప్పలేదు. మాత్రల చీటీ అడిగారు, బీపీ చూశారు, అప్పటికప్పుడు షుగర్ పరీక్ష చేశారు. నాలుగు పళ్లూ తట్టి చూసి ఎక్స్‌రే తీశారు. మూడు ఫిల్లింగులు శుభ్రంగా ఉన్నాయి, ముట్టుకోవద్దన్నారు. నొప్పి వచ్చిన పంటి ఫిల్లింగు అంచున చీలిక, కింద పుచ్చు. ఆ ఒక్కటే తీశారు.

చెల్లెలు పక్కనే నిలబడి చూసింది. పంటికి పచ్చ రబ్బరు షీటు తొడిగి, ఒకరు నీళ్లు చిమ్ముతుంటే ఇంకొకరు పైపు పెట్టి పీల్చారట. పొడి పొడిగా అరగదీయకుండా గాటు పెట్టి రెండు పెద్ద ముక్కలుగా లేపారట. ఆ ముక్కల్ని అడుగున ఏదో ద్రవం ఉన్న మూత డబ్బాలో వేశారు. తెల్లది పెట్టేటప్పుడు చెల్లెలు బీపులు లెక్కపెట్టింది: నాలుగు పొరలు.

అంతా అయ్యాక అమ్మ కుర్చీ దిగకుండా, "ఆ ముక్కలు ఇవ్వండి నాయనా, వెండి కదా, నా డబ్బుతో పెట్టించుకున్నది" అందట. ఆ పీజీ డాక్టరమ్మకు నవ్వాగలేదు. ఇవ్వకూడదమ్మా, పాదరసం ఉందని చెప్పింది. "నోట్లో ఉంటే ఏం కాదంటిరి, చేతికిస్తే అవుతుందా?" అని అమ్మ. దానికి జవాబు చెప్పలేక ఆమె వాళ్ల సారును పిలిచిందట.

ఈ రోజు మధ్యాహ్నం సంగటి, నాటుకోడి పులుసు. కుడి పక్కనే అయినా, ఎముక నమిలింది.

పళ్ల_వైద్యుడు, ఆదివారం రాత్రి 9:10

అమ్మగారి ప్రశ్నకు నా జవాబు: గట్టిపడ్డ ముక్క నోట్లో ఉన్నంతవరకు అది ఒక ఫిల్లింగు. బయటికొస్తే చెత్తలో పడుతుంది, చెత్త కాలుతుంది, కాలితే ఆవిరి. డబ్బాలో వేయడం అందుకే. ఆమెకు నా నమస్కారాలు చెప్పండి, పీజీ వైవాలో నేను కూడా ఇదే ప్రశ్న అడుగుతాను.

పాత_కాంపౌండరు, ఆదివారం రాత్రి 9:48

డాక్టరు గారూ, ఒక సంగతి దాచినాను. ఆ సారు క్లినిక్కు మూసేసినప్పుడు మిగిలిన పాదరసం సీసా నాకిచ్చినాడు. బ్రిల్ ఇంకు సీసా అంత ఉంటుంది, ఎత్తితే మాత్రం కిలో బాటు లాగుతుంది. ఇరవై ఏళ్లకు పైగా దేవుని గూట్లో ఉంది. రసం ఇంట్లో ఉంటే లక్ష్మి నిలుస్తుందని మా ఆవిడ శుక్రవారం శుక్రవారం బొట్టు పెడుతుంది. మూత బిర్రుగానే ఉంది. ఏం చేయమంటారు?

పళ్ల_వైద్యుడు, ఆదివారం రాత్రి 9:55

పెద్దాయనా, దాన్ని దీపం దగ్గర నుంచి ఈ రాత్రికే తీయండి, వేడి తగలకూడదు. మూత తెరవొద్దు. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో నిలబెట్టి, దాని మూత కూడా బిగించి, పిల్లలకు అందని చోట పెట్టండి. మురుగులో పోయొద్దు, చెత్తబండికి వేయొద్దు. పెద్దాసుపత్రి పళ్ల విభాగంలో అడగండి, బయోమెడికల్ వ్యర్థాల్లో పాదరసానికి వేరే ఏర్పాటు ఉంటుంది. ఎప్పుడైనా ఒలికితే చీపురు వద్దు, కిటికీలు తెరిచి రెండు అట్టముక్కలతో ఎత్తండి.

పాత_కాంపౌండరు, సోమవారం ఉదయం 7:15

బోర్నవిటా డబ్బాలో పెట్టి బీరువా మీదికి చేర్చినా. పది గంటలకు మనవడు స్కూటర్ మీద తీసుకుపోతానన్నాడు, నేను వెనక కూర్చుని డబ్బా ఒళ్లో పెట్టుకుంటా. మా ఆవిడ మాత్రం శుక్రవారం దాకా ఆగమంటోంది.